"ఏ" తీసి "అన్ని" పెట్టిన దుర్గాబాయి

మనవరాలు: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, కాకినాడలో మా అమ్మమ్మ ఇంటి వరండాలో రికార్డ్ చేస్తున్నాం. మధ్యలో కాకులు, సైకిల్ బెల్లులు వినిపిస్తాయి. పోయిన నెలలో నేను ఢిల్లీ వెళ్లాను. మెట్రో పింక్ లైన్‌లో "దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్" అని స్టేషన్ పేరు చెప్పగానే, పక్కన కూర్చున్న అమ్మాయి తన ఫ్రెండ్‌ని అడిగింది, ఎవరీవిడ, మహారాష్ట్ర ఆవిడా అని. నేను ఊరుకోలేక "కాదండీ, మా కాకినాడ ఆవిడ" అన్నాను. "ఏం చేశారు?" అంది ఆ అమ్మాయి. నెహ్రూ గారిని టికెట్ లేదని గేటు దగ్గర ఆపేశారు అని చెప్పాను. ఆ తర్వాత నాకు ఒక్క మాట రాలేదు. స్టేషన్ వచ్చింది, వాళ్లు దిగిపోయారు. ఆ రోజంతా మనసులో అదే తిరిగింది. అందుకే అమ్మమ్మ దగ్గరికి వచ్చాను. అమ్మమ్మ ముప్పై ఏళ్లు స్కూల్లో సివిక్స్ చెప్పింది. అమ్మమ్మా, మొదలుపెడదామా?

అమ్మమ్మ: మొదలుపెట్టు తల్లీ. ఆ నెహ్రూ గారి ముచ్చట ముందే చెప్పేసి పక్కన పెట్టేద్దాం. దాని దగ్గరే అందరూ ఆగిపోతారు. 1923 డిసెంబర్‌లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర దుర్గాబాయిని వాలంటీరుగా నిలబెట్టారు. టికెట్ రెండు అణాలు. టికెట్ లేని వాళ్లని లోపలికి పంపొద్దన్నారు, ఆ పిల్ల పంపలేదు. వచ్చింది జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు కంగారు పడి టికెట్ కొనిచ్చాకే లోపలికి వెళ్లనిచ్చింది. ఆయన మెచ్చుకున్నారు. అంతే కథ. మంచి కథే. కానీ అప్పటికి రెండున్నరేళ్ల కిందట ఆ పిల్ల చేసిన పని ముందు ఇది చాలా చిన్నది.

మనవరాలు: 1921లోనా? అప్పటికి ఆవిడకి ఎన్నేళ్లు?

అమ్మమ్మ: పన్నెండు కూడా నిండలేదు. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు, పెరిగింది కాకినాడలో. 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు కాకినాడ వస్తున్నారని ఊరంతా హడావిడి. టౌన్ హాల్లో పెద్ద సభ. ఈ పిల్లకి ఒకటే పట్టుదల, దేవదాసీలు గాంధీ గారిని కలవాలి, ఆయన వాళ్లతో మాట్లాడాలి అని. బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలు కూడా రావాలని. ఆ రోజుల్లో ఊళ్లో పెద్దమనుషులు దేవదాసీల మేళం పెట్టించుకునేవాళ్లు గానీ, వాళ్లని తమతో సమానంగా సభలో కూర్చోబెట్టుకుంటారా? వాళ్లు టౌన్ హాల్ సభకి రాలేరు. అందుకని వాళ్ల కోసమే విడిగా ఒక మీటింగు కావాలంది.

మనవరాలు: మరి నిర్వాహకులు ఒప్పుకున్నారా?

అమ్మమ్మ: అయిదు వేల రూపాయలు విరాళం తెస్తే గాంధీ గారి టైము ఇప్పిస్తామన్నారు. 1921లో అయిదు వేలు! పదకొండేళ్ల పిల్లకి ఆ మాట చెప్పారంటే, తేలేదు కదా, పీడా పోతుంది అనుకునే చెప్పి ఉంటారు. ఈ పిల్ల వెళ్లి ఆ మాటే దేవదాసీలకి చెప్పింది. వాళ్లు పోగు చేశారు. వాళ్ల డబ్బే, వాళ్ల చేతుల మీదుగానే. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. తమని ఎవరో ఒకరు మనుషులుగా చూస్తానంటే, దానికి కూడా డబ్బు కట్టాల్సి వస్తే, కట్టి మరీ వచ్చారు.

మనవరాలు: మీటింగు ఎక్కడ పెట్టారు?

అమ్మమ్మ: స్టేషన్ నుంచి టౌన్ హాల్‌కి వెళ్లే దారిలో ఉన్న స్కూలు ఆవరణలో. హెడ్‌మాస్టర్ని బతిమాలి ఒప్పించుకుంది. వెయ్యి మందికి పైగా ఆడవాళ్లు వచ్చారు. గాంధీ గారు కొద్ది నిమిషాలే ఆగాల్సింది, అరగంట దాటినా మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన హిందీలో చెబుతుంటే ఈ పిల్ల తెలుగులో చెప్పింది. ఆడవాళ్లు ఒంటి మీద గాజులు, గొలుసులు తీసి ఆయన ముందు పోశారు. పాతిక వేల దాకా పోగయ్యాయి. దుర్గాబాయి కూడా చేతి గాజులు తీసిచ్చేసింది. అక్కణ్ణుంచి టౌన్ హాల్‌కి వెళ్లాక, అనువాదం చెయ్యడానికి కొండా వెంకటప్పయ్య గారు లేచారు. "దేశభక్త" అని బిరుదున్న కాంగ్రెస్ నాయకుడు, ఎంత పెద్దాయన! గాంధీ గారు ఆయన్ని ఆపి, దుర్గ చెబుతుంది, ఇందాక చాలా బాగా చెప్పింది అన్నారు. ఆ రోజు నుంచి గాంధీ గారు ఆంధ్ర వస్తే ఆయన మాట తెలుగులో చెప్పేది దుర్గాబాయే అయింది.

మనవరాలు: అసలు హిందీ ఎలా వచ్చింది అమ్మమ్మా ఆ వయసులో?

అమ్మమ్మ: ఇంటి దగ్గర నేర్చుకుంది. స్కూల్లో ఇంగ్లీషు మీడియం పెట్టారని స్కూలు మానేసి, నేర్చుకున్న హిందీని వాడలో ఆడవాళ్లకి చెప్పడం మొదలెట్టింది. బాలికా హిందీ పాఠశాల అని పేరు. వాళ్లమ్మ కృష్ణవేణమ్మ గారు కూడా అక్కడ నేర్చుకున్న వాళ్లలో ఒకరు. మళ్లీ కాంగ్రెస్ మహాసభలకి హిందీ వచ్చిన ఆడ వాలంటీర్లు కావాలంటే, ఆ పాఠశాల నుంచే వెళ్లారు. చూడు, ఆవిడ జీవితంలో ఈ పద్ధతి ఒకటి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తనకి ఏం దొరికితే అది దొరికిన మర్నాటి నుంచి పక్కవాళ్లకి పంచడం. తనకి పూర్తిగా వచ్చేదాకా కూడా ఆగలేదు.

మనవరాలు: ఆవిడకి చిన్నప్పుడే పెళ్లి చేశారు కదా?

అమ్మమ్మ: ఎనిమిదేళ్లకి. సుబ్బారావు గారని జమీందారీ కుటుంబం అబ్బాయి. పదిహేనేళ్లు వచ్చాక, కాపురానికి పంపాల్సిన టైములో, ఈ అమ్మాయి ఆయనకి తిన్నగా చెప్పేసింది. నా దారి వేరు, మీకు నాతో సుఖం ఉండదు, మీరు మళ్లీ పెళ్లి చేసుకోండి అని. ఆయన కాదనలేదు. నాన్న రామారావు గారు కూతురి వైపు నిలబడ్డారు. 1920లలో మన ఇళ్లలో ఆ మాట అనడమంటే ఏమిటో మీ తరానికి తెలియదు తల్లీ. నాకు తెలుసు. నాకూ పద్నాలుగేళ్లకే చేశారు కదా.

మనవరాలు: తెలుసు అమ్మమ్మా. దాని సంగతి కూడా అడుగుతాను, కాసేపు ఆగి. జైలుకి ఎప్పుడు వెళ్లారు ఆవిడ?

అమ్మమ్మ: 1930లో. ఉప్పు సత్యాగ్రహానికి మద్రాసు వెళ్లి ముందు వరసలో నిలబడ్డారు. అప్పటికి ఇరవై ఏళ్లు. 1930 నుంచి 33 లోపల మూడు సార్లు జైలు. వెల్లూరులో, తమిళనాడు మధురైలో. మధురై జైల్లో ఒంటరి గది. ఉరిశిక్ష పడ్డ ఖైదీల గదులకి దగ్గర్లో. రాత్రుళ్లు ఆ ఏడుపులు వింటూ ఉండాలి. ఆరోగ్యం బాగా పాడైంది. అయితే జైల్లో ఆవిడ మనసుకి గట్టిగా తగిలింది వేరే. అక్కడ మామూలు నేరాల కింద వచ్చిన ఆడవాళ్లు ఉండేవాళ్లు. అక్షరం రాదు. కోర్టులో ఏమడుగుతున్నారో తెలియదు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియదు. ఎవరో వేలిముద్ర వెయ్యమంటే వేశారు, ఒప్పుకోమంటే ఒప్పుకున్నారు, ఏళ్ల తరబడి లోపలే ఉన్నారు. నేను లా చదవాలి అని ఆవిడ అక్కడే నిశ్చయించుకున్నారు.

మనవరాలు: కానీ ఆవిడ స్కూలే మానేశారన్నావు.

అమ్మమ్మ: అదీ విషయం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసు. తోటివాళ్లంతా నాయకులు అవుతున్నారు. ఈవిడ మళ్లీ మొదటి మెట్టు దగ్గర కూర్చున్నారు. ఏ ఇంగ్లీషు వద్దని స్కూలు వదిలేశారో ఆ ఇంగ్లీషు నేర్చుకున్నారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. తర్వాత రాజనీతి శాస్త్రం చదువుదామని వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్తే, వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆడపిల్లలకి హాస్టల్ లేదమ్మా, ఎలా చేర్చుకోను అన్నారు.

మనవరాలు: అప్పుడేం చేశారు?

అమ్మమ్మ: నువ్వైతే ఏం చేస్తావు?

మనవరాలు: ఏదో ఒక ఇంట్లో గది అద్దెకి తీసుకుంటాను.

అమ్మమ్మ: ఎవరైనా అదే చేస్తారు. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించారు. హాస్టల్ లేక ఆంధ్రా యూనివర్సిటీలో చేరలేకపోయిన అమ్మాయిలు నాకు ఉత్తరం రాయండి అని. ఉత్తరాలు వచ్చాయి. ఆ అమ్మాయిల్ని కలుపుకుని, తనే ఒక హాస్టల్ మొదలెట్టి, ఇప్పుడు హాస్టల్ ఉంది, చేర్చుకోండి అన్నారు. చేర్చుకోక తప్పుతుందా? ఒక్క సీటు అడగడానికి వెళ్లిన మనిషి, కొందరికి దారి చేసుకుని లోపలికి వెళ్లింది. అక్కడ బి.ఏ. ఆనర్స్ చేశారు. తర్వాత మద్రాసులో లా, 1942లో మద్రాసు హైకోర్టులో లాయరుగా ఎన్‌రోల్ అయ్యారు. ఆంధ్ర మహిళా సభ 1937లోనే మొదలైంది. మద్రాసులో చుట్టుపక్కల చిన్నపిల్లల్ని పోగేసి పెట్టిన చిన్న క్లబ్బు అది మొదట్లో. అది పెరిగి మహిళా సభ అయింది. చదువు మధ్యలో ఆపేసిన ఆడవాళ్లని కూర్చోబెట్టి, తను ఏ బనారస్ మెట్రిక్ కట్టారో దానికే వాళ్లకి కోచింగ్ ఇప్పించారు.

మనవరాలు: అంటే తను వెళ్లిన దారినే పట్టుకుని వెనక వాళ్లని కూడా తీసుకెళ్లారు.

అమ్మమ్మ: ఊఁ. ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ఇది చెప్పకుండా ఆవిడ గురించి ఎవరు మాట్లాడినా నాకు కష్టంగా ఉంటుంది. ఆ పుస్తకం ఇటివ్వు.

మనవరాలు: అమ్మమ్మ చేతిలో రాజ్యాంగం ఉంది. పాత తెలుగు ప్రతి. అంచులు పసుపుపచ్చగా అయిపోయాయి, పేజీల మధ్య రిబ్బన్ ముక్కలు పెట్టి ఉన్నాయి.

అమ్మమ్మ: 1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకి ఎన్నికయ్యారు దుర్గాబాయి. ఆ సభలో పదిహేను మంది ఆడవాళ్లు. రికార్డుల్లో ఆవిడ పేరు "జి. దుర్గాబాయి" అనే ఉంటుంది, అప్పటికి దేశ్‌ముఖ్ కాలేదు కదా. సభ పనుల క్రమం చూసే స్టీరింగ్ కమిటీలో ఉన్నారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడపడానికి ఒక ప్యానెల్ ఉంటుంది, అందులో ఉన్న ఒక్క మహిళ ఆవిడే. వందల కొద్దీ సవరణలు ఇచ్చారు. మా క్లాసులో నేను ఒక్కటి మాత్రం బోర్డు మీద రాసి చెప్పేదాన్ని. ఇరవై అయిదో అధికరణం. మత స్వేచ్ఛ. అందులో ఒక చోట, ప్రజలందరివీ అయిన హిందూ దేవాలయాల్ని తెరిపించడానికి ప్రభుత్వం చట్టం చెయ్యొచ్చు అని ఉంది. ముసాయిదాలో ఎవరికి తెరిపించాలని రాశారో తెలుసా? హిందువుల్లో "ఏ వర్గానికైనా, ఏ విభాగానికైనా" అని. 1948 డిసెంబర్‌లో దుర్గాబాయి లేచి, ఆ "ఏ" తీసెయ్యండి, "అన్ని వర్గాలకూ, విభాగాలకూ" అని పెట్టండి అన్నారు.

మనవరాలు: రెండిటికీ పెద్ద తేడా ఉందా అమ్మమ్మా? వినడానికి ఒకటే అనిపిస్తోంది.

అమ్మమ్మ: పిల్లలూ ఇదే అడిగేవాళ్లు. చెబుతాను విను. "ఏ వర్గానికైనా" అంటే, ప్రభుత్వం ఒక వర్గానికి తలుపు తీసి, ఇదిగో తీశాం కదా అని ఊరుకోవచ్చు. ఇవాళ వీళ్లకి, రేపు చూద్దాం వాళ్లకి. పల్లెటూళ్లో పెద్దలు ఎప్పుడూ చేసే పని అదే కదా, ఒకళ్లని కాస్త దగ్గరికి రానిచ్చి, మిగతా వాళ్లని బయటే ఉంచడం. "అన్ని వర్గాలకూ" అన్నాక ఆ సందు ఉండదు. తలుపు తీస్తే అందరికీ తియ్యాలి. గాంధీ గారి సభకి దేవదాసీలు ఎందుకు రాలేకపోయారో పదకొండేళ్లప్పుడే కళ్లారా చూసిన మనిషి తల్లీ ఆవిడ. ఆ సవరణ సభ ఒప్పుకుంది. ఇవాళ రాజ్యాంగం తెరిస్తే ఉన్నది ఆవిడ మాటే. ఇదిగో, నేను కింద గీత గీసుకున్నాను.

మనవరాలు: అవును. "అన్ని వర్గాలకు, విభాగాలకు." పెన్సిల్ గీత. చాలా పాతది.

అమ్మమ్మ: ఇంకోటి. రాజ్యసభకి పోటీ చెయ్యాలంటే ఎన్నేళ్లుండాలి?

మనవరాలు: ముప్పై.

అమ్మమ్మ: మొదట ముప్పై అయిదు అన్నారు. ముప్పైకి తగ్గించమని సవరణ తెచ్చింది ఆవిడే. వయసు పెరిగితే తెలివి పెరుగుతుందని ఏమీ లేదన్నది ఆవిడ వాదన. పన్నెండు నిండకుండానే గాంధీ గారి మాట తెలుగు చేసిన మనిషి ఆ మాట అంటే ఎవరు కాదంటారు!

మనవరాలు: భాష మీద కూడా మాట్లాడారని చదివాను.

అమ్మమ్మ: అది చదివితే నాకు గుండె కలుక్కుమంటుంది. 1949 సెప్టెంబర్. దేశానికి అధికార భాష ఏది అని చర్చ. ఈవిడ చిన్నప్పటి నుంచి హిందీ ప్రచారం చేసిన మనిషి. ఇంట్లో బడి పెట్టి నేర్పిన మనిషి. సభలో హిందీ వాళ్ల పట్టుదల చూసి, మేమంతా ఉత్సాహంగా నేర్చుకున్నాం, ఇప్పుడు మీ తీరు చూస్తుంటే ఆ ఉత్సాహమే పోయేట్టుంది అని బాధపడ్డారు. దక్షిణాది వాళ్లకి టైము ఇవ్వండి అన్నారు. ప్రేమగా నేర్చుకునే దాన్ని బలవంతంగా రుద్దితే ఏమవుతుందో ఆవిడకి ముందే తెలుసు. హిందువుల పెళ్లి, ఆస్తి చట్టాల్ని మార్చే హిందూ కోడ్ బిల్లుని పరిశీలించిన సెలెక్ట్ కమిటీలోనూ ఉన్నారు, ఆడపిల్లకి ఆస్తి హక్కు కోసం గట్టిగా నిలబడ్డారు.

మనవరాలు: ఇంత చేశాక 1952లో ఎన్నికల్లో ఓడిపోయారు కదా. నాకు అది అర్థం కాలేదు.

అమ్మమ్మ: రాజ్యాంగం రాసినందుకు ఓట్లు పడతాయా తల్లీ? ఆ ఎన్నికల్లో ఆంధ్రలో కాంగ్రెస్‌కి గట్టి దెబ్బ తగిలింది. జనం కోపంలో ఉన్నారు. ఆవిడ పార్లమెంటుకి గెలవలేదు. నా ఉద్దేశంలో అది దేశానికి నష్టమే. ఆవిడ లోక్‌సభలో ఉండి హిందూ కోడ్ చర్చల్లో మాట్లాడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ నెహ్రూ గారు ఆవిణ్ణి ప్లానింగ్ కమిషన్‌లోకి తీసుకున్నారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టారు, మొదటి అధ్యక్షురాలు ఆవిడే. మొదటి పంచవర్ష ప్రణాళికలో దానికి నాలుగు కోట్లు కేటాయించారు.

మనవరాలు: ఆ బోర్డు అప్పట్లో చేసిందేమిటి? పేరు వింటే ఆఫీసు ఫైళ్లే గుర్తొస్తాయి.

అమ్మమ్మ: అప్పటిదాకా ఊళ్లలో బాలవాడి, కుట్టుపని, అనాథ శరణాలయం ఇవన్నీ ఎవరో పుణ్యాత్ములు చందాలేసుకుని నడుపుకునేవాళ్లు. ప్రభుత్వం డబ్బు వాళ్లకి నేరుగా అందే దారి లేదు. ఆవిడ ఆ దారి వేశారు. స్వచ్ఛంద సంస్థలకి గ్రాంటు, రాష్ట్రాల్లో బోర్డులు, వాటిలో పనిచేసే ఆడవాళ్లు. ఇందులో లోపం లేదని నేను అనను. గ్రాంటు ఏ ఏటికి ఆ ఏడు మంజూరు కావాలి, లేటైతే టీచర్లకి జీతం ఉండేది కాదు. మా టీచరమ్మలు నెలల తరబడి జీతం లేకుండా చెప్పడం నేను కళ్లారా చూశాను.

మనవరాలు: ఇప్పుడు అడుగుతాను. నీ సంగతి చెప్పు.

అమ్మమ్మ: 1958లో ఆ బోర్డే ఒక పథకం పెట్టింది. పెద్దవాళ్లైన ఆడవాళ్లకి కండెన్స్‌డ్ కోర్సు. చదువు ఆపేసిన వాళ్లు రెండేళ్లు గట్టిగా కూర్చుంటే మెట్రిక్ రాయిస్తారు. భర్త పోయినవాళ్లు, వదిలేస్తే పుట్టింటికి వచ్చినవాళ్లు, వీళ్ల కోసం. నేను రెండో రకం. ఇరవై ఏళ్లు. అంతకు ముందు మా నాన్న నన్ను తీసుకుని ఒక స్కూలుకి వెళ్తే, ఇంత పెద్ద పిల్లని ఆరో తరగతిలో కూర్చోబెడితే మిగతా పిల్లలు పాడైపోతారు అన్నారు అక్కడి పెద్దలు. మా నాన్న తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఎవరో ఈ కోర్సు గురించి చెప్పారు.

మనవరాలు: మొదటి రోజు గుర్తుందా?

అమ్మమ్మ: గుర్తుండకపోవడమేమిటి. ఇరవై అయిదు మందిమి. కింద చాపలు. నా పక్కన ఒకావిడకి ముప్పై దాటాయి, ఒళ్లో పిల్లాడు. పలక మీద "అ" దిద్దుకున్నది ఎప్పుడో, భిన్నాలు మాకు అస్సలు రావు. టీచరమ్మ ఒక గారె తెచ్చి, నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క పక్కన పెట్టి, ఇది ఒకటి బై నాలుగు అంది. రెండు ముక్కలు పెట్టి, ఇప్పుడెంత అంది. అందరం ఒకేసారి "సగం" అని అరిచాం. రెండు బై నాలుగన్నా, ఒకటి బై రెండన్నా ఒకటే అని అప్పుడు వెలిగింది. ఆ గారె మళ్లీ ఆ చంటివాడికే పెట్టేసింది. లెక్కల పరీక్షంటే టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టేది కాదు, అయినా పాసయ్యాను. తర్వాత టీచర్ ట్రైనింగ్, ఉద్యోగం, ప్రైవేటుగా బి.ఏ. మీ తాతయ్య పరిచయం అయిందీ ఆ స్కూల్లోనే.

మనవరాలు: దుర్గాబాయి గారిని ఎప్పుడైనా చూశావా?

అమ్మమ్మ: లేదు. ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది? ఆవిడ వేసిన చాప మీద కూర్చున్నాను కదా.

మనవరాలు: దేశ్‌ముఖ్ గారితో పెళ్లి సంగతి చెప్పు. అందరికీ అది ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది.

అమ్మమ్మ: 1953 జనవరి 22న. సి.డి. దేశ్‌ముఖ్ గారు అప్పుడు ఆర్థిక మంత్రి. రిజర్వ్ బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరు ఆయనే. భార్య పోయిన మనిషి. ఈవిడకి నలభై మూడేళ్లు. రిజిస్టర్ పెళ్లి, సాక్షుల్లో నెహ్రూ గారు ఒకరు. ఆ వయసులో, నలుగురూ ఏమనుకుంటారో అని చూడకుండా, తనకి సరిపోయే తోడుని ఎంచుకోవడం కూడా నాకు గొప్పగానే అనిపిస్తుంది. 1975లో ఇద్దరికీ పద్మవిభూషణ్ ఒకే ఏడు వచ్చింది.

మనవరాలు: ఇంకా నేను నోట్ చేసుకున్నవి ఉన్నాయి. 1958లో స్త్రీ విద్య మీద జాతీయ కమిటీకి అధ్యక్షత, మర్నాడు రిపోర్టు. హైదరాబాద్ విద్యానగర్‌లో ఆవిడ పేరు మీద ఆసుపత్రి, మహిళా సభ కాలేజీలు.

అమ్మమ్మ: మర్నాడు కాదు, మరుసటి ఏడు.

మనవరాలు: అవును, మరుసటి ఏడు, 1959. ఫ్యామిలీ కోర్టుల మాట కూడా ఆవిడే ముందు ఎత్తారని చదివాను.

అమ్మమ్మ: 1953లో చైనా వెళ్లి, అక్కడ కుటుంబ తగాదాలకి విడిగా కోర్టులుండటం చూసి వచ్చారు. మనకీ కావాలని నెహ్రూ గారితోనూ, జడ్జీలతోనూ మాట్లాడారు. జైల్లో చూసిన ఆ ఆడవాళ్లు ఆవిడ మనసులోంచి పోలేదనుకుంటా. మామూలు కోర్టులో బోనెక్కి నిలబడితే, భర్త మీద ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన ఆడది కూడా దొంగలాగే వణుకుతుంది. ఏళ్లు పట్టింది. చట్టం 1984లో వచ్చింది. ఆవిడ 1981 మే 9న పోయారు.

మనవరాలు: మూడేళ్లు ఆగితే చూసుకునేవారు.

అమ్మమ్మ: చూసుకునేవారు.

మనవరాలు: అమ్మమ్మా, చివరగా ఒకటి అడుగుతాను. మొదట్లో సుబ్బారావు గారి గురించి చెప్పావు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నారా? తర్వాత వాళ్లకి మాటలు లేవా?

అమ్మమ్మ: నువ్వు అడుగుతావో లేదో అనుకున్నాను. చేసుకున్నారు. 1941లో ఆయన పోయారు. ఆ రెండో ఆవిడ ఒంటరిది అయిపోయింది. చదువు లేదు. అటువైపు వాళ్ల దగ్గర ఆవిడకి మంచిరోజులు లేవు. అప్పుడు దుర్గాబాయి ఆవిణ్ణి తెచ్చుకున్నారు. ఆంధ్ర మహిళా సభలో చేర్చి, చేతిపనుల్లో శిక్షణ ఇప్పించారు. తర్వాత ఆవిడకి ఉద్యోగం వచ్చింది. నెల నెలా తన జీతం తను తీసుకుంది.